ఒక్క లైనూ రాని లాగ్ ఫైలు: సిస్‌లాగ్ సర్వర్‌తో నా 7 వారాలు

2024 నవంబరు 4, కార్తీకమాసం మొదటి సోమవారం. రాజమహేంద్రవరంలో గోదావరి గట్టంతా స్నానాలకు వచ్చినవాళ్లతో నిండిపోయి ఉంది. ఆ జనంలోంచి బండి తోసుకుంటూ 7:40కి ఆఫీసు చేరేసరికి అమలాపురం బ్రాంచి నుంచి అప్పటికే 6 మిస్డ్ కాల్స్ ఉన్నాయి. మాది డయాగ్నస్టిక్ ల్యాబ్. హెడ్ ఆఫీసు ఇక్కడ, చుట్టుపక్కల ఊళ్లలో 8 బ్రాంచీలు. మొత్తం 9 రౌటర్లు, వాటిని చూసుకునేది నేనొక్కణ్ణే.

"సార్, మళ్లీ లైను పోయింది. ఫాస్టింగ్ వాళ్లు 20 మంది కూర్చున్నారు. బార్‌కోడ్ రావట్లేదు" అంది అక్కడి అమ్మాయి. షుగర్ పరీక్ష కోసం రాత్రి నుంచి ఏమీ తినకుండా వచ్చినవాళ్లలో ముసలివాళ్లే ఎక్కువ. వాళ్లను అలా కూర్చోబెట్టడం గత నెల రోజుల్లో అది నాలుగోసారో, ఐదోసారో. సరిగ్గా ఎన్నోసారి అన్నది కూడా నా దగ్గర రాసి లేదు. అసలు ఇబ్బంది అక్కడే మొదలైంది.

లైను ఇచ్చిన కంపెనీకి ఫోన్ చేశాను. "మా వైపు లింక్ అప్‌లోనే ఉంది సార్. మీ రౌటర్ లాగ్స్ ఉంటే పంపండి, చూస్తాం" అన్నారు. అడగడంలో తప్పేమీ లేదు. కానీ అప్పటికే బ్రాంచిలో ఎవరో రౌటర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేశారు. రౌటర్‌లో లాగ్, అంటే ఎప్పుడు ఏం జరిగిందో అది రాసుకునే చిట్టా, ఉండేది మెమరీలోనే కాబట్టి, ఆపగానే అంతా పోయింది.

సరే, హెడ్ ఆఫీసు రౌటర్‌లో ఏమైనా ఉంటుందని షో లాగింగ్ (లాగ్ చూపించే కమాండ్) కొట్టాను. లాగ్ దాచుకునే మెమరీ, అంటే బఫర్, సైజు 4096 బైట్లు. అంటే నలభై లైన్లు కూడా పట్టవు. ముందు సైజు పెంచుదామని వెంటనే 65536 ఇచ్చాను. ఎంటర్ కొట్టాక చూస్తే బఫర్ ఖాళీ. సైజు మారిస్తే పాత మెసేజులు పోతాయని నాకు అప్పుడే తెలిసింది. మీరు ఎప్పుడైనా ఆ సైజు మార్చాల్సి వస్తే, ముందు షో లాగింగ్ మొత్తం కాపీ చేసి పెట్టుకోండి.

ఆ రోజు రిపోర్టులు గంటన్నర ఆలస్యంగా వెళ్లాయి. డైరెక్టర్ మేడమ్ గట్టిగా ఏమీ అనలేదు. "ఎందుకు పోతోంది?" అని మాత్రం అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నవంబరు 6న ఒక పేజీ నోట్ రాసి ఇచ్చాను. అన్ని రౌటర్ల లాగ్ మెసేజులు ఒకేచోట నిల్వ ఉండేలా సిస్‌లాగ్ సర్వర్ పెడదాం, మూల పడి ఉన్న పాత డెస్క్‌టాప్ చాలు, కొత్తగా ఒక ఎస్‌ఎస్‌డీ, చిన్న యూపీఎస్ కావాలి అని. అయిదారు వేల పనికి ఒప్పుకోవడానికి 8 రోజులు పట్టింది. చివరికి దారి చూపించింది మా ఆడిటర్ గారే. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ సిస్టమ్‌ల లాగ్‌లను 180 రోజుల పాటు మన దేశంలోనే భద్రపరచాలి, గడియారాలను ప్రభుత్వ సంస్థలైన ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్‌లతో కలిపి ఉంచాలి. ఆ మాట నోట్‌లో చేర్చమన్నారు. చేర్చి ఇచ్చాక 14వ తేదీన సంతకం అయింది. ఎస్‌ఎస్‌డీ 2,100 రూపాయలు, యూపీఎస్ 3,400.

మర్నాడు, నవంబరు 15, కార్తీక పౌర్ణమి. సాయంత్రం అందరూ దీపాలు వదలడానికి త్వరగా వెళ్లిపోయారు. ఆఫీసు ఖాళీగా ఉంటే పని సాగుతుందని నేను ఉండిపోయాను. పాత డెస్క్‌టాప్‌లో ఉబుంటు లినక్స్ ఎక్కించి, లాగ్ మెసేజులు తీసుకుని ఫైళ్లలో రాసే ఆర్‌సిస్‌లాగ్ ప్రోగ్రాము సెట్టింగులు తెరిచాను. అది ముందే ఉంటుంది, కానీ బయటి నుంచి మెసేజులు తీసుకునే లైన్లు కామెంట్‌లో, అంటే పనిచేయకుండా, ఉంటాయి. సిస్‌లాగ్ మెసేజులు వచ్చే యూడీపీ 514 పోర్టుకు సంబంధించిన రెండు లైన్ల ముందున్న కామెంట్ గుర్తు తీసేసి, సర్వీస్ రీస్టార్ట్ చేసి, హెడ్ ఆఫీసు రౌటర్‌లో లాగింగ్ హోస్ట్ అని సర్వర్ అడ్రసు ఇచ్చాను. వాడని ఒక పోర్టుకు కేబుల్ పెట్టి తీశాను, మెసేజు పుట్టాలని.

ఏమీ రాలేదు.

వచ్చే ప్యాకెట్లను చూపించే టీసీపీడంప్ పెట్టి చూస్తే ప్యాకెట్లు సర్వర్ దాకా వస్తున్నాయి. ఫైల్లో మాత్రం పడటం లేదు. ప్యాకెట్ కళ్లముందు కనిపిస్తోంది కదా, రాకపోకలను అడ్డుకునే ఫైర్‌వాల్ తప్పు కాదనుకుని రెండు గంటలు ఆర్‌సిస్‌లాగ్ సెట్టింగులతో కుస్తీ పట్టాను. తప్పు ఫైర్‌వాల్‌దే. లోపలికి వచ్చే ప్యాకెట్‌ను ఫైర్‌వాల్ ఆపకముందే టీసీపీడంప్ చూసేస్తుంది. అందులో కనిపించినంత మాత్రాన ఆ ప్యాకెట్ ప్రోగ్రాముకు చేరినట్టు కాదు. 514 యూడీపీకి దారి ఇవ్వగానే మొదటి లైను పడింది. అప్పటికి రాత్రి 9:20. దూరంగా ఘాట్ నుంచి మైకులో హారతి పాట వినిపిస్తోంది. ఆ ఒక్క లైను చూసి నాకు నిజంగా కళ్లు చెమర్చాయి.

తర్వాతి చిక్కు వింతగా ఉంటుంది. ఒక్కో రౌటర్‌కు ఒక్కో ఫైలు ఉండాలని ఇంటర్నెట్‌లో దొరికిన టెంప్లేట్ ఒకటి పెట్టాను. అది ప్రోగ్రాము పేరుతో ఫైలు తయారుచేసే రకం. పొద్దున వచ్చి చూస్తే ఫోల్డర్‌లో కొత్త ఫైళ్లు, వాటి పేర్లు 212, 213, 214 అని అంకెలు. ఒక్కోదాంట్లో ఒక్కటే మెసేజు. సిస్కో కంపెనీ రౌటర్ మెసేజు ముందు ఒక వరస సంఖ్య పెట్టి పంపుతుంది. ఆర్‌సిస్‌లాగ్ ఆ సంఖ్యనే ప్రోగ్రాము పేరు అనుకుంటుంది. టెంప్లేట్‌లో ప్రోగ్రాము పేరు తీసేసి, పంపిన రౌటర్ ఐపీ అడ్రసుతో ఫైలు పెట్టమన్నాను. నేను రూట్ (అన్ని హక్కులూ ఉన్న యూజర్)గా తయారుచేసిన కొత్త ఫోల్డర్‌లో ఉబుంటు ఆర్‌సిస్‌లాగ్ రాయలేదు. అది సిస్‌లాగ్ అనే యూజర్‌గా నడుస్తుంది కాబట్టి ఫోల్డర్‌ను ఆ యూజర్ పేరు మీదకు మార్చాలి. దానికి ఇంకో అరగంట.

16 నుంచి 18 దాకా మిగతా 8 రౌటర్లు ఒక్కొక్కటిగా కలిపాను. కాకినాడ బ్రాంచికి రెండు దారులు ఉన్నాయి. ఏ దారిలో వస్తే ఆ దారి అడ్రసుతో మెసేజు వచ్చి, ఒకే రౌటర్‌కు రెండు ఫైళ్లు తయారయ్యాయి. లాగింగ్ సోర్స్ ఇంటర్‌ఫేస్ అని ఏ దారిలో వచ్చినా మారని లూప్‌బ్యాక్ అడ్రసును చూపించాక సర్దుకుంది.

18 సాయంత్రం 9 ఫైళ్లూ తయారై ఉన్నాయి. కేబుల్ తీస్తే లింక్ 3 అప్‌డౌన్ అని మెసేజు చక్కగా పడుతోంది. పని అయిపోయిందనుకున్నాను. 19న ఫైళ్లు చూశాను, ఏమీ లేదు. 20న చూశాను, ఏమీ లేదు. లైన్లు బాగున్నాయని మేడమ్‌కు చెప్పాను కూడా.

21 పొద్దున 7:05కి అమలాపురం నుంచి ఫోన్. తెల్లవారుజామున లైను పోయి వచ్చిందట, సాఫ్ట్‌వేర్ సెషన్లన్నీ తెగిపోయాయట. కంగారేమీ పడకుండా, ఈసారి నా దగ్గర రుజువు ఉందని సర్వర్ తెరిచాను. అమలాపురం ఫైల్లో ఆ రాత్రికి సంబంధించి ఒక్క లైనూ లేదు. హెడ్ ఆఫీసు ఫైల్లోనూ లేదు. కుర్చీలో అలాగే ఉండిపోయాను. ఫైలు ఖాళీగా ఉందంటే అంతా క్షేమం అని రెండు రోజులుగా నమ్మాను, మేడమ్‌ను కూడా నమ్మించాను.

కాసేపటికి తేరుకుని షో లాగింగ్ కొట్టి పైనుంచి నిదానంగా చదివాను. ట్రాప్ లాగింగ్: లెవల్ వార్నింగ్స్ అని ఉంది. ఎంత తీవ్రత ఉన్న మెసేజులు సర్వర్‌కు పంపాలో చెప్పే సెట్టింగు అది. మెసేజులు ఎక్కువ రాకూడదని నాకంటే ముందు ఎవరో లాగింగ్ ట్రాప్ వార్నింగ్స్ అని పెట్టి వెళ్లారు. నేను కొత్తగా హోస్ట్ అడ్రసు ఇచ్చానే కానీ పాత లైను చూసుకోలేదు.

లెవల్స్ 0 నుంచి 7 దాకా ఉంటాయి. 0 ఎమర్జెన్సీ, 7 డీబగ్గింగ్. అంకె తగ్గేకొద్దీ తీవ్రత పెరుగుతుంది. వార్నింగ్స్ అంటే 4. అది పెడితే 0 నుంచి 4 దాకా మాత్రమే సర్వర్‌కు వెళ్తాయి. హెచ్చరికలన్నీ వస్తున్నాయి కదా, ఇంకేం కావాలి అనిపిస్తుంది ఆ పేరు చూస్తే. కానీ నెట్‌వర్క్ చూసుకునేవాడికి కావలసిన అసలు సమాచారం 5లో ఉంటుంది. దాని పేరు నోటిఫికేషన్స్. ఏదో మామూలు కబురులా వినిపిస్తుంది. ఓఎస్‌పీఎఫ్ నైబర్, అంటే దారులు చెప్పుకునే పక్క రౌటర్, పోయిందన్నా 5. రౌటర్లు దారులు చెప్పుకునే మరో పద్ధతి బీజీపీ, దాని సెషన్ తెగిందన్నా 5. పోర్టు మీద లైన్ ప్రోటోకాల్ డౌన్ అయిందన్నా, అంటే ఆ పోర్టు డేటా పంపే స్థితిలో లేదన్నా 5. ఎవరో రౌటర్ సెట్టింగులు మార్చారన్నా 5. రౌటర్ ఆగి మళ్లీ లేచిందన్నా 5. ఇవన్నీ నా సర్వర్‌కు రాకుండా రౌటర్ దగ్గరే ఆగిపోతున్నాయి.

మరి నా పరీక్ష ఎలా పాసైంది? కేబుల్ తీస్తే వచ్చే లింక్ మెసేజు లెవల్ 3. అది 4 పెట్టినా వస్తుంది. దాని వెంటే రావలసిన లెవల్ 5 లైన్ ప్రోటోకాల్ మెసేజు రాలేదని నేను గమనించనే లేదు. అలాంటి పరీక్ష మీరు చేయకండి. రౌటర్‌లో సెండ్ లాగ్ అనే కమాండ్ ఉంది. లెవల్ అంకె ఇచ్చి, ఏదో ఒక మాట రాస్తే ఆ లెవల్‌తో మెసేజు పుడుతుంది. 21న నేను 0 నుంచి 7 దాకా ఎనిమిదీ పంపాను. సర్వర్‌కు చేరినవి అయిదు.

అక్కడ ఆగి 5 పెట్టి ఉంటే సరిపోయేది. కానీ మోసపోయానన్న బాధలో మరో కొసకు వెళ్లాను. 22 మధ్యాహ్నం హెడ్ ఆఫీసు రౌటర్‌లో ట్రాప్ లెవల్ 7 పెట్టి, అమలాపురం ట్రాఫిక్ చూద్దామని వచ్చే ప్యాకెట్ల వివరాలన్నీ రాసే ప్యాకెట్ డీబగ్ కూడా ఆన్ చేశాను. మూడు నాలుగు సెకన్లలో స్క్రీన్ స్తంభించిపోయింది. పక్క గదిలో ఫోన్లు మోగడం మొదలైంది. 9 చోట్లా సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది.

జరిగిందేమిటంటే, రౌటర్‌కు ల్యాప్‌టాప్ నేరుగా కలిపే కన్సోల్ పోర్టుకు లాగింగ్ మామూలుగా డీబగ్గింగ్ లెవల్‌లోనే ఉంటుంది, దాన్ని ఎవరూ తగ్గించలేదు. కన్సోల్ వేగం 9600 బాడ్. వేల లైన్లను ఒక్కో అక్షరంగా ఆ సన్నటి దారిలోంచి పంపుతూ రౌటర్ సీపీయూ అంతా అక్కడే ఖర్చయిపోయింది. కన్సోల్‌కు ఆ రోజు ల్యాప్‌టాప్ కలిపి కూడా లేదు. ఎవరూ చూడకపోయినా రౌటర్ రాస్తూనే ఉంటుంది. నేను కొట్టే అక్షరాలు స్క్రీన్ మీద కనిపించడం లేదు. వేళ్లు వణుకుతుంటే అన్‌డీబగ్ ఆల్ అని గుడ్డిగా టైప్ చేసి ఎంటర్ కొట్టాను. ఒకసారి తప్పు పడిందేమోనని మళ్లీ కొట్టాను. రౌటర్ తేరుకునేసరికి 12 నిమిషాలు. ఆ 12 నిమిషాల్లో మేడమ్ వచ్చి నా వెనక నిలబడ్డారు, ఒక్క మాట మాట్లాడలేదు. అంతా సర్దుకున్నాక వెళ్లి, తప్పు నాదేనని చెప్పాను. "పగలు ఇలాంటివి పెట్టుకోకు నాయనా" అన్నారు. అంతే.

ఆ సాయంత్రమే 9 రౌటర్లలోనూ నో లాగింగ్ కన్సోల్ పెట్టాను. సర్వర్, బఫర్ రెండూ ఉన్నాక మాకు కన్సోల్‌లో లాగ్ అవసరం లేదు.

తర్వాత ట్రాప్‌ను ఇన్ఫర్మేషనల్, అంటే 6కు దించాను. 24 గంటల్లో హెడ్ ఆఫీసు ఫైల్లో 41,000 లైన్లు. దాదాపు అన్నీ ఒకే రకం: ఎవరిని పోనివ్వాలో, ఎవరిని ఆపాలో చెప్పే యాక్సెస్ లిస్ట్‌లో ఫలానా అడ్రసును ఆపాను అని. ఆ అడ్రసు ఎవరిదని వెతికితే సీసీటీవీ రికార్డు చేసే పెట్టె, డీవీఆర్. బయట ఏదో సర్వర్‌ను పట్టుకోవాలని సెకను సెకనుకూ ప్రయత్నిస్తోంది, యాక్సెస్ లిస్ట్ ఆపుతోంది, ఆపిన ప్రతిసారీ రౌటర్ రాస్తోంది. డీవీఆర్‌లో ఆ క్లౌడ్ సదుపాయం ఆపేసి, యాక్సెస్ లిస్ట్‌లో లాగ్ అన్న మాటను నిజంగా అవసరమైన రెండు లైన్లకే ఉంచాను. లైన్లు రోజుకు 900కు తగ్గాయి. ఆ తర్వాత హెడ్ ఆఫీసుకు 6, బ్రాంచీలకు 5 అని స్థిరపడ్డాను.

25న ఇంకో రెండు లోపాలు బయటపడ్డాయి. ఒకటి గడియారం. అమలాపురం రౌటర్‌లో సమయం ముందు నక్షత్రం గుర్తు ఉంది. ఆ గడియారాన్ని నమ్మలేం అని రౌటర్ చెప్పే పద్ధతి అది. పైగా టైమ్‌జోన్ ఇవ్వలేదు కాబట్టి, హెడ్ ఆఫీసు రౌటర్ యూటీసీలో, అంటే మన సమయానికి 5:30 గంటలు వెనక, రాస్తోంది. ఒకే సంఘటనకు ఒకచోట 00:42, ఇంకోచోట 06:09. టైమ్‌జోన్ ఐఎస్‌టీ 5 30 ఇచ్చి, లాగ్ సమయాల లైనులో లోకల్‌టైమ్, మిల్లీసెకన్లు, జోన్ పేరు అన్నీ వచ్చేలా పెట్టి, అన్నిటినీ ఎన్‌ఐసీ సమయ్ టైమ్ సర్వర్‌తో కలిపాను. ఒక గంటలో నక్షత్రాలు పోయాయి. ఈ పని మొదటి రోజే చేసి ఉండాల్సింది. అంతకుముందు పోగుచేసిన హెడ్ ఆఫీసు లైన్లన్నిటినీ 5:30 గంటలు కలిపి చూసుకోవడానికి ఒక పూట పట్టింది.

రెండోది, నన్ను ఎక్కువ కలవరపెట్టినది. సర్వీస్ సీక్వెన్స్ నంబర్స్ పెట్టాక ప్రతి మెసేజులోనూ రౌటర్ వేసే సంఖ్య కనిపిస్తుంది. అమలాపురం ఫైల్లో 212 తర్వాత 215 ఉంది. 213, 214 ఏవి? సిస్‌లాగ్ యూడీపీ మీద వెళ్తుంది. చేరిందా లేదా అని అది ఎవరినీ అడగదు. బ్రాంచి లైను పోయిందన్న కబురు, పోయిన ఆ లైను మీదుగానే రావాలి. కాబట్టి రాదు. బ్రాంచి రౌటర్‌లోకి వెళ్లి బఫర్ చూస్తే 213, 214 భద్రంగా ఉన్నాయి. ఒకటి పోర్టు డౌన్, ఇంకొకటి దాని ప్రోటోకాల్ డౌన్. అంటే నాకు అన్నిటికంటే అవసరమైన మెసేజులే సర్వర్‌కు చేరడం లేదు. సీక్వెన్స్ నంబర్ లేకపోతే ఆ సంగతి నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. అప్పటి నుంచి బ్రాంచి బఫర్లన్నీ 64 కేబీకి పెంచి, ప్రతి పొద్దునా ఒక స్క్రిప్ట్‌తో వాటి షో లాగింగ్ కూడా సర్వర్‌లో దాస్తున్నాను. రౌటర్‌ను ఎవరూ ఆపకూడదని అన్ని బ్రాంచీల్లో దాని పక్కన కాగితం అంటించాను.

ఇక సరుకు చేతికొచ్చింది. లైను రెండు రకాలుగా పోతున్నట్టు కనిపించింది. కొన్నిసార్లు అమలాపురం పోర్టే డౌన్ అవుతోంది. కొన్నిసార్లు పోర్టు అప్‌లోనే ఉంటుంది, ఓఎస్‌పీఎఫ్ నైబర్ మాత్రం డెడ్ టైమర్ (పక్క రౌటర్ మాట కోసం ఆగే గడువు) అయిపోయి పడిపోతోంది. రౌటర్‌కూ ఫైబర్‌కూ మధ్య, ఫైబర్ సిగ్నల్‌ను మామూలు కేబుల్‌కు మార్చే మీడియా కన్వర్టర్ ఉంది. ఫైబర్ వైపు లోపమైతే ఆ కన్వర్టర్ మా పోర్టును అప్‌లోనే ఉంచుతుంది. పోర్టే పడిపోయిందంటే కన్వర్టర్‌కే ఏదో అవుతోంది.

నవంబరు 30, శనివారం, రావులపాలెం మీదుగా బస్సులో అమలాపురం వెళ్లాను. ప్రింట్ తీసిన లాగ్ కాగితాలు సంచిలో పెట్టుకున్నాను. అక్కడి వాచ్‌మన్ పెద్దాయన జనరేటర్ దగ్గర ఒక నోటుపుస్తకం ఉంచుతారు. కరెంటు ఎప్పుడు పోయింది, ఎప్పుడు వేశారు, డీజిల్ ఎంత పోశారు అన్నీ రాస్తారు. ముత్యాల్లాంటి చేతిరాత. "ఇది ఒకసారి చూడొచ్చా బాబాయ్ గారూ?" అని అడిగాను. "ఆయ్, చూడండి బాబూ. డీజిలు లెక్క తేడా ఉందాండీ?" అని కంగారుపడ్డారు. లెక్క కోసం కాదని చెప్పి, ఆయన పక్కనే బల్ల మీద కూర్చుని నా కాగితాలతో సరిచూడటం మొదలుపెట్టాను.

ఆయన పుస్తకంలో 23వ తేదీ 6:10కి కరెంటు పోయింది. నా కాగితంలో 6:09:47కి పోర్టు డౌన్. 26న ఆయన 2:35, నాది 2:34:12. 28న ఆయన 7:20, నాది 7:21:05. ఒక్కోటి కలుస్తుంటే నా గుండె వేగం పెరిగింది. లేచి వెళ్లి ర్యాక్ వెనక చూశాను. రౌటర్ యూపీఎస్ మీదే ఉంది. కన్వర్టర్ అడాప్టర్ మాత్రం గోడ మీది మామూలు ప్లగ్గులో ఉంది. యూపీఎస్ బాక్సులో ఖాళీ లేక, బిల్లు ప్రింటర్ కోసం ఎవరో దాన్ని తీసి గోడకు పెట్టారు. కరెంటు పోయి జనరేటర్ అందుకునేదాకా మూడు నాలుగు నిమిషాలు కన్వర్టర్ చచ్చిపోయేది. రౌటర్ ఆగలేదు కాబట్టి అందరూ లైనునే అనుమానించాం. నేనైతే ఆ కంపెనీ వాళ్లతో నెల రోజులుగా ఫోన్లో గట్టిగా మాట్లాడుతూ వచ్చాను.

650 రూపాయలకు బజార్లో మంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు కొని, కన్వర్టర్‌ను యూపీఎస్ మీదకు మార్చాను. మార్చేసి, మెయిన్ స్విచ్ ఆపమని పెద్దాయనను అడిగాను. ఫ్యాన్లు ఆగాయి, దీపాలు ఆరాయి, కన్వర్టర్ మీది పచ్చ దీపం మాత్రం వెలుగుతూనే ఉంది. బస్సు ఎక్కే ముందు ఆయన టీ ఇప్పించారు. ఆయన పుస్తకం లేకపోతే నా కాగితాలు సగం మాటే చెప్పేవి.

డిసెంబరు 6 దాకా లెక్క తేలింది. గడియారాలు సరిచేసిన, చేయని రోజులు కలిపి లైను పోయింది మొత్తం 19 సార్లు. 13 కరెంటువి, అంటే మా తప్పు. మిగిలిన 6టిలో పోర్టు అప్‌లోనే ఉంది, నైబర్ పోయింది. అవి నిజంగా లైనువే. 7న ఆ 6టి సమయాలు సెకన్లతో సహా, రెండు వైపుల రౌటర్ల మెసేజులతో కంపెనీకి మెయిల్ పెట్టాను. మిగతా 13 మా వైపు లోపమని, దానికి క్షమించమని అందులోనే రాశాను. ఈసారి ఎవరూ "మా వైపు అప్‌లోనే ఉంది" అనలేదు. 9న ఫీల్డ్ వాళ్లు వెళ్లి, స్తంభం మీది బాక్సులో ఒక ఫైబర్ జాయింటు వదులైందని కనుక్కుని 10వ తేదీకి మళ్లీ వేశారు. అంతకుముందు 5 వారాల్లో 11 కంప్లైంట్లు ఇచ్చాను. ఈ ఒక్క మెయిల్‌కు మూడు రోజుల్లో పని అయింది.

సర్వర్‌లో 180 రోజులు ఉండేలా, పాత లాగ్ ఫైళ్లను సర్దే లాగ్‌రొటేట్‌లో రోజుకొక ఫైలు, కంప్రెస్ చేసి దాచమని పెట్టాను. చోటు గురించి భయపడ్డాను కానీ, డీవీఆర్ గొడవ పోయాక 9 రౌటర్లవీ కలిపినా రోజుకు ఒక ఎంబీ కూడా రావడం లేదు. ఎవరు ఏ కమాండ్ కొట్టారో కూడా రాయించే సదుపాయం ఆన్ చేశాను. మొదటి రోజే కొత్త యూజర్ పాస్‌వర్డ్ బట్టబయలుగా సర్వర్‌లో పడింది. అదే చోట హైడ్‌కీస్ అని ఒక మాట చేర్చాలి. చేర్చి, ఆ పాస్‌వర్డ్ మార్చాను.

నవంబరు 19, 20 తేదీల ఖాళీ ఫైళ్లు మాత్రం నన్ను వదల్లేదు. మళ్లీ అలా కాకూడదని డిసెంబరు 12న ప్రతి రౌటర్‌లోనూ గంటకోసారి "ఉన్నాను" అని మెసేజు పంపే యాప్లెట్, అంటే రౌటర్‌లోనే నడిచే చిన్న ప్రోగ్రాము, పెట్టాను. హెడ్ ఆఫీసుది వచ్చింది, బ్రాంచీలవి రాలేదు. యాప్లెట్ మెసేజు మామూలుగా లెవల్ 6తో వెళ్తుంది, బ్రాంచీల్లో నేను పెట్టింది 5. ఈసారి కారణం వెతకడానికి రెండు నిమిషాలే పట్టింది. యాప్లెట్‌లో ప్రయారిటీ నోటిఫికేషన్స్ అని ఇచ్చాను. ఏ రౌటర్ నుంచైనా రెండు గంటలు మాట లేకపోతే నాకు మెయిల్ వస్తుంది.

ఇవాళ డిసెంబరు 24. పొద్దున 8 గంటలకు అమలాపురం ఫైలు తెరిచాను. రాత్రి నుంచి గంటగంటకూ "ఉన్నాను" తప్ప ఇంకేమీ లేదు. సీక్వెన్స్ నంబర్లు చూశాను, ఒక్కటీ తప్పిపోలేదు. అయినా పెద్దాయనకు ఫోన్ చేశాను.

"బాబాయ్ గారూ, రాత్రి కరెంటు ఏమైనా పోయిందా?"

"ఆయ్, పోయిందండి. తెల్లారగట్ల 5:12కి. వెంటనే జనరేటర్ వేశాను. పుస్తకంలో రాశాను బాబూ."

ఫైల్లో 5:00కి "ఉన్నాను", 6:00కి "ఉన్నాను". వాటి సంఖ్యలు 871, 872.